పోయినవాళ్ళతో చాటింగ్

నేను క్రైస్తవుణ్ణని తెలిసిన కొలీగ్స్ అప్పుడప్పుడూ అడుగుతూంటారు: "ఓయిజా బోర్డంటే మీవాళ్ళకి ఎందుకంత భయం? అదో ఆట కదా?" నిజమే, ఆటే. 1891లో అమెరికాలో ఎలైజా బాండ్ పేరు మీద దానికి పేటెంట్ వచ్చింది కూడా ఆటవస్తువుగానే. 1966లో అది పార్కర్ బ్రదర్స్ చేతికొచ్చింది, అంటే మోనోపలీ అమ్మే కంపెనీ అన్నమాట. మన హాస్టళ్ళలో అంత ఖర్చెందుకని చార్టు మీద ఏబీసీడీలు రాసి, మధ్యలో రూపాయి బిళ్ళ పెట్టి, లైట్లాపి కానిచ్చేవాళ్ళు. దానికి ప్లాంచెట్ అని ఘనమైన పేరొకటి.

చర్చిలో దీనికి దొరికే జవాబు ఒకటే. దయ్యాలొస్తాయి, ముట్టుకోకు. నాకా జవాబు చాలదు. (దయ్యాల్లేవని అనట్లేదు, పాస్టరుగారూ కంగారు పడకండి :))

ముందు బిళ్ళ ఎలా కదుల్తుందో చూద్దాం. 1853లో ఇంగ్లండులో జనం బల్ల చుట్టూ కూర్చుని, చేతులానించి, ఆత్మలే దాన్ని తిప్పుతున్నాయని మురిసిపోతున్న రోజుల్లో మైకేల్ ఫారడే ఒక పని చేశాడు. చేతులకీ బల్లకీ మధ్య అట్టముక్కల్ని పొరలుగా, మెత్తటి జిగురుతో అంటించి పెట్టాడు. బల్ల ముందు కదిలితే కింది అట్ట ముందు జరగాలి. జరిగింది పైది. అంటే తోసింది చేతులే, తోస్తున్నట్టు ఆ చేతులున్నవాళ్ళకే తెలీదు. తోపుని చూపించే ముల్లొకటి వాళ్ళ కళ్ళెదుట పెట్టేసరికి బల్ల కదలడమే మానేసింది. ఈ ఫారడే నాస్తికుడేం కాదు, లండన్‌లో ఓ చిన్న సంఘానికి పెద్దగా కూడా పనిచేసిన పరమ భక్తుడు. మన భాషలో చెప్పాలంటే ఇది లూప్‌బ్యాక్. 127.0.0.1కి పింగ్ కొట్టి, అవతలి సర్వర్ బతికే ఉందని సంబరపడటం.

సరే, మోసపోవడం ఒక్కటే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఈ పిచ్చి ఎప్పుడు ముదిరిందో చూడండి. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫాక్స్ అక్కచెల్లెళ్ళు టకటక శబ్దాలతో మొదలుపెట్టారు. (అవి కాలివేళ్ళ కీళ్ళ శబ్దాలేనని 1888లో వాళ్ళలో మార్గరెట్ అందరి ముందూ చేసి చూపించింది. మరుసటేడు ఆ మాట వెనక్కి తీసుకుంది, అది వేరే సంగతి.) మధ్యలో 1861-65 అంతర్యుద్ధం. 6 లక్షలకు పైగా చావులు, చాలామంది శవాలు ఇంటికి రానేలేదు. శవం రాని ఇంట్లో ప్రశ్నలు ఎక్కువ మిగుల్తాయి.

మా బాబాయి 2021 మేలో కోవిడ్‌తో పోయాడు. తెలుగు పండిట్. వార్డులోకి ఎవర్నీ రానివ్వలేదు, చివరికి సంచిలో చుట్టి ఇచ్చారు. మొహం ఎవరం చూడలేదు. ఆదరణ కూడిక కూడా జూమ్‌లోనే. కొన్ని నెలల తర్వాత ఓ రాత్రి ఒంటిగంటకి తమ్ముడు (బాబాయి కొడుకు, గచ్చిబౌలిలో టెస్టర్) ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నాన్న మాట్లాడాడు."

రూమ్మేట్స్‌తో కలిసి బిళ్ళ పెట్టారట. "నాన్నా, ఒక్కడివే ఉన్నప్పుడు భయమేసిందా?" అనడిగితే ఒక్కో అక్షరం మీదా ఆగుతూ 'భయం లేదు' అని చెప్పిందట, ఇంగ్లీషు అక్షరాల్లో. స్పెల్లింగ్ చెప్పమన్నాను. 'భ' ఒత్తుకి పెట్టాల్సిన హెచ్ లేదు. వాట్సాప్‌లో మావాడు రాసే స్పెల్లింగే అది. బాబాయైతే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసిన మెసేజ్‌కి బతికున్నంతకాలం జవాబే ఇచ్చేవాడు కాదు.

ఆ మాట వాడితో అనలేదు. వాడు సంతోషంతో ఏడుస్తున్నాడు. ఆ జవాబు నాక్కూడా కావాలి, అబద్ధమెందుకు. కానీ వెంటనే వాడే అన్నాడు: "రేపు ఇంకోటి అడుగుతా అన్నయ్యా. నేను ఆక్సిజన్ బెడ్ ఒక్కరోజు ముందు సంపాదించుంటే బతికేవాడివా అని."

నాకు వణుకొచ్చింది అక్కడ. దయ్యమొస్తుందని కాదు. ఆ ప్రశ్నకి జవాబు వాడి వేళ్ళలో ఎప్పణ్ణుంచో సిద్ధంగా ఉంది. బిళ్ళ 'అవును' మీదకే వెళ్తుంది. అది తండ్రి ఇచ్చిన తీర్పుగా వీడికి జన్మంతా మిగిలిపోతుంది.

ద్వితీయోపదేశకాండం 18లో సోదె, శకునాలు, కర్ణపిశాచి, చచ్చినవాళ్ళ దగ్గర విచారణ, అన్నిటినీ ఒకే గాటన కట్టి వద్దంటుంది. దాన్ని నేను ఆ రాత్రి నుంచి ఏడ్చేవాళ్ళకి వేసిన కంచెలా చదువుతున్నాను. తమ్ముడికి సౌలు కథ చెప్పాను. సోదెగాళ్ళని దేశంలోంచి వెళ్ళగొట్టిన రాజే, యుద్ధానికి ముందు దేవుడు పలకట్లేదని మారువేషంలో రాత్రిపూట ఏన్దోరులో ఒకావిడ దగ్గరికెళ్తాడు, పోయిన సమూయేలుని పిలిపించమంటాడు. వచ్చింది నిజంగా సమూయేలేనా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. నాకైతే కథ చదివితే ఆయనే అనిపిస్తుంది. ఎవరైతేనేం, సౌలుకి దొరికిందేంటి? బతికుండగా సమూయేలు చెప్పిన పాత మాటే, దానిపైన రేపు నువ్వూ నీ కొడుకులూ పోతారన్న కబురు. నేలమీద పడిపోయాడు. పగలంతా, రాత్రంతా ఏమీ తినలేదు. అప్పుడు ఆవిడే బతిమాలి, దూడని కోసి, రొట్టెలు చేసి తినిపించి పంపింది. ఆ భోజనం మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు.

"ఆ రెండో ప్రశ్న బిళ్ళని అడక్కురా, పిన్నిని అడుగు" అన్నాను. వారం తర్వాత ఊరెళ్ళి అడిగాడట. ఆవిడేం చెప్పిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మన సంఘాల మీద నాకో కంప్లయింటుంది. ఆదరణ కూడికలో 'ప్రభువు సన్నిధిలో ఉన్నాడు, ఏడవకూడదు' అని నోరు నొక్కేస్తే పాతికేళ్ళ కుర్రాడు తన ప్రశ్న ఎక్కడికి పట్టుకెళ్తాడు? బిళ్ళ దగ్గరికే. లేదా ఇప్పుడైతే బాట్ దగ్గరికి. 2016లోనే యూజీనియా కూయ్దా అనే ఆవిడ చనిపోయిన స్నేహితుడి మెసేజ్‌లతో ఒక చాట్‌బాట్ చేసింది. మావాడి దగ్గర బాబాయి వాయిస్ మెసేజ్‌లు బోలెడున్నాయి, పద్యాలతో సహా. వాటిని విను, బాట్‌కి మాత్రం పొయ్యకు అన్నాను. అదీ ఆ రెండో ప్రశ్నకి ఏదో ఒకటి చెప్పేస్తుంది.

ఏటా నవంబర్ 2న మా ఊళ్ళో సమాధుల పండుగ. పిన్ని సమాధికి సున్నం వేస్తూ మాట్లాడుతూంటుంది: "ఏమండీ, చిన్నోడు కంపెనీ మారాడు. పక్కింటివాళ్ళు గోడ మన వైపు జరిపారు." పాస్టరుగారు విననట్టు అటు తిరుగుతారు. నాకు అందులో తప్పేం కనపడదు. ఆవిడ జవాబు కోసం ఆగదు. చెప్పాల్సింది చెప్పేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, సున్నం బకెట్ నా చేతికిచ్చి, "పద నాన్నా, ఆకలేస్తోంది" అంటుంది.