పట్టీలో చోటు

మా ఊరు సిరొంచ. ప్రాణహిత గోదావరిలో కలిసేది మా ఊరి దగ్గరే. ఆవలి గట్టున కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగు, బడిలో మాత్రం మరాఠీ. మా తాతగారు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పుట్టారు. 1950లో మధ్యప్రదేశ్‌వారయ్యారు, 1956లో బొంబాయి రాష్ట్రంవారు, 1960లో మహారాష్ట్రవారు. 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయి గడ్చిరోలి జిల్లా ఏర్పడ్డది. ఇన్ని మారినా ఆయన నులకమంచం మాత్రం వేసిన చోటనే ఉంది.

అలాంటి ఇంట పుట్టినవాణ్ణి కనుక పట్టీలంటే నాకు చిన్నప్పటి నుంచీ కొంచెం ఉడుకు. దరఖాస్తులో 'మాతృభాష' అన్నచోట మాకు దొరికేది తరచు 'ఇతరములు' అనే మూలగదే.

ఇప్పుడు నేను హైదరాబాదులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి పొట్ట పోసుకుంటున్నాను. మా వైపు ఆశ్రమశాల ఒకటి, తమ పిల్లల వివరాలు కంప్యూటర్‌లో పెట్టుకొనే ఏర్పాటు చేసిపెట్టమంటే, ఊరి రుణం కదా అని చేసిపెట్టాను. వారిచ్చిన కాగితంలో మాతృభాషలు నాలుగు: మరాఠీ, గోండి, మాడియా, ఇతరములు. ఉన్నవి ఉన్నట్లే ఎక్కించాను.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పక తప్పదు, విసుక్కోకండి. ఇలా 'ఈ నాలుగే, అయిదోది లేదు' అని ముందే గిరి గీసిన పట్టీని మా వృత్తిలో ఈనమ్ అంటారు. 1970లో వచ్చిన పాస్కల్ భాషలోనే ఈ సదుపాయం ఉంది. మనకు కనిపించేవి పేర్లు. లోపల యంత్రం దాచుకొనేవి అంకెలు. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే సున్న నుంచి వరుసగా తానే వేసుకుంటుంది. మరాఠీ 0, గోండి 1, మాడియా 2, ఇతరములు 3.

కొన్నాళ్లకు ఒక రాత్రి ఆ ఫైలు ఎడిటర్‌లో తెరిచాను. పాత ఉడుకు పొంగింది. మరాఠీ పక్కనే, రెండో వరుసలో, దర్జాగా 'తెలుగు' అని చేర్చాను. ఎడిటర్ ఎక్కడా ఎర్రగీత గీయలేదు. ప్రోగ్రాము చక్కగా నడిచింది. తాతగారికి ఏదో బాకీ తీర్చినట్లు హాయిగా నిద్రపోయాను.

రెండు వారాలకు బడి గురూజీ ఫోను చేశాడు.

"సార్, మీరేం చేసిండ్రో గాని, మా గోండు పిల్లలంత తెలుగోళ్లయిండ్రు. తెలుగు పిల్లలు మాడియాలయిండ్రు."

నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. ఒక పిల్ల తండ్రి, కూతురి కాగితంలో మాతృభాష తెలుగని చదివించుకొని, "మా మాట తీసేసిండ్రా?" అని అడిగాడట.

జరిగింది ఇదీ. నేను మధ్యలో దూర్చిన తెలుగు 1 అయి కూర్చుంది. గోండి 2కు, మాడియా 3కు, ఇతరములు 4కు జరిగాయి. కాని అంతకుముందు ఎక్కించిన పిల్లల పక్కన పాత అంకెలే ఉన్నాయి. ఎడిటర్ చూసేది వ్యాకరణం. ఎవరి ఇంట ఏ మాటో దానికేం తెలుసు?

మన రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోనూ ఇలాంటి జరుగుబాటే ఉంది. 1950లో అందులో 14 భాషలు. ఇంగ్లీషు అక్షరక్రమంలో తెలుగు 13వది. 1967లో సింధీ చేరగా 14 అయింది. 1992లో మూడు భాషలు చేరగా 17, 2003 సవరణతో నాలుగు చేరగా 21 అయింది. ఇవాళ 13వ అంకె ఎవరిదనుకున్నారు? మరాఠీది! అక్కడ భాషను పేరుతో పిలుస్తారు కనుక ఎవరికీ నష్టం లేదు. నేను అంకెతో పిలిచాను. పైగా గోండికి ఆ షెడ్యూలులో చోటే లేదు. ఉన్న ఒక్క బడి పట్టీలో దాని చోటును నేను తోసేశాను.

దిద్దుబాటు చెప్పడానికి చిన్నదే. కొత్తపేరు చివరనే చేర్చాలి. ప్రతి పేరుకూ అంకె మన చేత్తో రాయాలి. ఒకసారి ఇచ్చిన అంకె మరొకరికి ఇవ్వరాదు. తెరమీద ఏది ముందు కనపడాలన్నది వేరే ఏర్పాటు. తెలుగుకు 4 ఇచ్చి చివర కూర్చోబెట్టాను. కాని ఆ రెండు వారాల్లో కొత్త పిల్లలను కొత్త అంకెలతో ఎక్కించారు. ఎవరిని ఎప్పుడు ఎక్కించారో తేదీ దాచే బుద్ధి నాకు లేకపోయింది. 1 అంటే గోండో తెలుగో చెప్పేవారు ఆ పిల్లలే.

అంచేత బయలుదేరాను. చిన్నప్పుడు పడవలో దాటిన గోదావరిని వంతెన మీద దాటి, బడి అరుగు మీద కూర్చొని ఒక్కొక్కరినే అడిగాను: "మీ ఇంట్ల ఏం మాట్లాడుతరు బిడ్డా?"

ఆ తండ్రి కూతురూ వచ్చింది. "నాయినతోని గోండి, అవ్వతోని మాడియా, బజార్ల తెలుగు, బడిల మరాఠీ," అని వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

ఏ అంకె వేయను? ఆ సాయంత్రమే, ఒక్కటే ఎంచుకోవాలన్న నియమం తీసివేసి, ఇంటి మాటలెన్ని ఉంటే అన్నీ రాసుకొనే వీలు కల్పించాను. ఆ పిల్ల పేరు పక్కన మొదట గోండి పెట్టి, కాగితం మళ్లీ అచ్చు తీసి, తండ్రికి చూపించమని దాని చేతికిచ్చాను.