గేమ్ ఆగితే తప్పు సిగ్నల్‌దేనా?

గన్నవరం సెంటర్‌లో ఆటో ఎక్కని వందమంది డ్రైవర్‌ని చుట్టుముట్టి "ఎంత?" అని అడుగుతుంటే, నిజంగా ఆసుపత్రికి పోవాల్సిన అవ్వ మాట వినపడుద్దా? గేమ్ సర్వర్ మీద డీడాస్ దాడంటే అదే. మనమేమో సిగ్నల్‌ని తిడతాం.

2016లో వచ్చిన మిరాయ్ కథ వినండి. మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌ని పడగొడితే ఆటగాళ్లు పక్క సర్వర్‌కి పోతారు. అంతా డబ్బు గొడవే! పాస్‌వర్డ్ మార్చని సీసీ కెమెరాలు, రౌటర్లే దాని సైన్యం. చేసినవాళ్లలో ఒకడు, పారస్ ఝా, తను చదివే రట్గర్స్ యూనివర్సిటీ నెట్‌వర్క్‌నీ పడగొట్టాడు. 2017లో నేరం ఒప్పుకున్నాడు.

గేమ్ పోతే పోనీ. స్కాలర్‌షిప్ ఆఖరి రోజున సైట్ పడిపోతే? మన ఇళ్లలో ఇంకో దారి చూపేవాళ్లెవరున్నారు? సరదాకి దాడి చేద్దామనే ఫ్రెండ్‌కి చెప్పండి: ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు.

మా రౌటర్ పాస్‌వర్డ్ ఇంకా 'అడ్మిన్'. మార్చమని రేపు వార్డెన్ సార్‌ని అడుగుతున్నాం.