కావర్న్‌లో ఒక సాయంకాలం

ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి మమ్మల్ని లివర్‌పూల్ తీసుకువెళ్ళాడు. అక్కడ మాథ్యూ వీధిలో, నేలమాళిగలో, కావర్న్ క్లబ్బు ఉంది. 1961-63లో బీటిల్స్ వందల సార్లు పాడిన చోటది. 1973లో దాన్ని మూసి పూడ్చేశారు. 1984లో పాత ఇటుకలు చాలావరకు వాడి తిరిగి కట్టారు. ఏటా ఆగస్టులో దేశదేశాల బృందాలు వచ్చి ఆ పాటలే పాడే ఉత్సవం జరుగుతుంది.

మేము వెళ్ళిననాడు నలుగురు కుర్రవాళ్ళు అదే జుట్టు, అవే కోట్లతో వేదిక ఎక్కారు. “వేషాలకు కూడా టిక్కెట్టా!” అని గొణిగాను.

పక్కన ఒక పెద్దావిడ గొంతు కలిపి పాడుతూంది. పదిహేనో ఏట, ఇంట్లో చెప్పకుండా వచ్చి, అసలువాళ్ళను విన్నదట.

“మీ ఇంట్లో రికార్డులు లేవా?” అన్నాను.

“ఉన్నాయి. ఇంట్లో నాతో కలిసి పాడేవాళ్ళే లేరు” అన్నది.

నాకు చురుక్కుమన్నది. మా ఊళ్ళో ఘంటసాల వర్ధంతినాడు ఎవరో గుమాస్తా పాడుతుంటే మా ఆవిడ కళ్ళు తుడుచుకున్నది. నేను వేళాకోళం చేశాను.

మెట్లెక్కుతూ ఆ సంగతి ఎత్తి, తప్పు ఒప్పుకున్నాను.

“ఈ మాట నేనప్పుడే చెప్పాను, మీరు వినందే!” అని నవ్వింది.