గుక్క పట్టిన బండి

మన భాషలో 'గుక్క' అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. గుక్కెడు నీళ్ళు అంటే ఒక్క మారు మింగగలిగినన్ని. పసిబిడ్డ గుక్క పట్టింది అంటే ఊపిరి అందక ఏడుపు మధ్యలో ఆగిపోయిందని. రాజమహేంద్రవరంలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక ముసలి మెకానిక్కు ఉన్నారు. అందరూ సాయిబుగారనే పిలుస్తారు. మా బండిని ఒక్క చుట్టు తిప్పి తెచ్చి, "రేజ్ ఇస్తే గుక్క పడుతోంది మాస్టారూ" అన్నారాయన. ఎంత సరైన మాట! ఇంజనుకు మింగడానికి పెట్రోలు కావాలి, పీల్చడానికి గాలి కావాలి. ఆ రెండింటి పొత్తు చెడితే అది చేసేది అచ్చంగా అదే.

బండి మా నాన్నగారిది. యమహా ఆర్ఎక్స్ 100. 1985లో మన దేశపు రోడ్ల మీదికి వచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన బండి. తొంభై ఎనిమిది సీసీల టూ స్ట్రోక్ ఇంజను, పదకొండు గుర్రాల బలం. నాన్నగారు 1993లో కొన్నారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేస్తూ ఊళ్ళన్నీ దీని మీదే తిరిగారు. 2019లో ఆయన పోయాక అది రేకుల షెడ్డులో నిలబడిపోయింది. నెలకో రెండు నెలలకో నేను స్టార్టు చేసి వీధి చివరిదాకా తిప్పి పెట్టేవాడిని.

ఇప్పుడు అన్నయ్య కొడుక్కి డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది. తాతగారి బండి కావాలన్నాడు. వదిన మాత్రం నిష్కర్షగా చెప్పింది: "బాగుచేసి ఇస్తే ఇవ్వండి. లేదా పాత ఇనుముకి వేసెయ్యండి. మధ్యరకంగా మాత్రం వద్దు." ఆ మాటలో మొండితనం లేదు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు ఎక్కబోయే బండి గురించి తల్లి అనవలసిన మాటే అది.

ఎందుకంటే ఈ జబ్బు తీరే అటువంటిది. సగం యాక్సిలరేటరు వరకు బండి వెన్నపూసలా పోతుంది. అసలు లోపమే కనిపించదు. కాలువ గట్టు మీద ద్వారపూడి వైపు వెళుతూ ఒకనాడు గడ్డి ట్రాక్టరును దాటబోయాను. ఎదర బస్సు దూరంగానే ఉంది, దారి చాలినంత ఉంది. పూర్తిగా తిప్పాను. ముందు చిన్న వెలితి, తరువాత నాలుగు క్షణాల ఊపు, ఆ పైన లోతుకు దిగిపోతున్నట్టు ఒక మూలుగు. ఇంజను ఆగదు, లాగదు. యాక్సిలరేటరు తగ్గిస్తే మళ్ళీ తేరుకుంటుంది. నేను తిరిగి ట్రాక్టరు వెనక్కే చేరాను. బలహీనమైన బండి అంత ప్రమాదం కాదు. దాని బలహీనత మనకు ముందే తెలుసు. బలం ఉన్నట్టే నమ్మించి, అవసరమైన ఆ ఒక్క క్షణంలో చేతులెత్తేసేది ప్రమాదం.

మొదట చూపించిన దుకాణంలో "బోరు పోయింది, పిస్టను మార్చాలి" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. బోరు అరిగితే కిక్కు కొట్టేటప్పుడు కాలి కింద ఆ బిగువు ఉండదు, ఉదయాన స్టార్టు కావడానికి మొరాయిస్తుంది, ఏ వేగంలోనైనా నీరసంగానే ఉంటుంది. ఇది మొదటి కిక్కుకే పలుకుతోంది. అందుకని సాయిబుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన స్పానరు పట్టుకోకముందే ఒక షరతు పెట్టారు: "ఒకసారికి ఒక్కటే మారుద్దాం. నాలుగు కలిపి మారిస్తే బండి బాగవ్వచ్చు, కానీ ఏది బాగుచేసిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

ఇక్కడ కార్బొరేటరు సంగతి కొంచెం చెప్పుకోవాలి. దాని గొంతు మధ్యలో ఇరుకుగా ఉంటుంది. ఇరుకులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనమే కింద గిన్నెలోని పెట్రోలును పైకి రప్పిస్తుంది. వెంచురీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు ఇటువంటి ఇరుకుల్లో ప్రవాహం తీరును వివరిస్తూ 1797లో గ్రంథం రాశాడు. ఆయన పేరే ఆ గొంతుకు నిలిచిపోయింది. మనం యాక్సిలరేటరును ఒక్కసారిగా తిప్పితే గొంతు ఒక్కసారిగా పెద్దదవుతుంది, లోపల గాలి వేగం క్షణకాలం పడిపోతుంది. గాలి తేలిక కనుక వెంటనే దూసుకు వస్తుంది. పెట్రోలు బరువు కనుక వెనకబడుతుంది. పాతకాలపు కార్ల కార్బొరేటర్లలో ఆ క్షణాన్ని గట్టెక్కించడానికి చిన్న పంపు ఉండేది. ఈ బండికి అది లేదు. అన్నీ సరిగ్గా ఉంటేనే ఆ క్షణం మనకు తెలియకుండా జారిపోతుంది.

మరొక సంగతి. కార్బొరేటరులో ఒక్కొక్క దశకు ఒక్కొక్క అధికారి ఉంటాడు. ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు పైలట్ జెట్టుది రాజ్యం. పావు వంతు తిప్పేదాకా స్లయిడు అడుగున కోసిన వాలు మాట చెల్లుతుంది. పావు నుంచి ముప్పావు దాకా సూదిది పెత్తనం. ఆ పైన మెయిన్ జెట్టు. ఒకరి ఎల్లలోకి ఇంకొకరు కొంత చొరబడతారు గానీ, స్థూలంగా పంపకం ఇదే. సాయిబుగారు హ్యాండిలు పిడి మీద తెల్లటి టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీశారు. "ఏ గీత దగ్గర పడుతుందో చూసుకు రండి" అని పంపారు. రెండు మార్లు వెళ్ళి వచ్చాను. జబ్బు రెండు రకాలుగా ఉందని అప్పుడు తేలింది. ఒకటి, ఎక్కడినుంచైనా సరే ఒక్కసారిగా తిప్పితే వచ్చే ఆ తొలి వెలితి. రెండోది, ముప్పావు దాటి పట్టి ఉంచితే కాసేపటికి వచ్చే మూలుగు. ఒకే రోగం అనుకుంటున్నది ఒకదాని వెనక ఒకటి దాక్కున్న రెండు రోగాలు.

ముందుగా ప్లగ్గు మార్చారు. దానికీ కారణం ఉంది. వాయువు ఎంత నొక్కుకుపోతే దానిలో నిప్పురవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. జర్మనీ శాస్త్రజ్ఞుడు పాషెన్ 1889లో దీని లెక్క తేల్చాడు. యాక్సిలరేటరు పూర్తిగా తెరిచినప్పుడే సిలిండరు నిండుగా నిండుతుంది, లోపలి పీడనం పెరుగుతుంది. కాబట్టి నీరసించిన ప్లగ్గో కాయిలో సగం వేగంలో నెట్టుకొచ్చి, పూర్తి వేగంలోనే బయటపడుతుంది. పెట్రోలు లోపంలా కనిపించే కరెంటు లోపం అది. కొత్త ప్లగ్గు వేసినా మా బండిలో మార్పు రాలేదు. కాయిలునీ తీగనీ పరీక్షించారు, బాగానే ఉన్నాయి. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంది. సైలెన్సరు లోపలి గొట్టంలో మసి కొంత ఉంది గానీ పొగ దారి మూసుకునేంత లేదు.

ఇక మిగిలింది పెట్రోలు ఎక్కువైందా, తక్కువైందా అన్నది. ఖాళీ రోడ్డు మీద కాసేపు పూర్తి యాక్సిలరేటరులో నడిపి, క్లచ్ పట్టి, ఇంజనును అక్కడికక్కడే ఆపి ప్లగ్గు విప్పి చూశాం. మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. ఇటుక రంగు ఉంటే ఆరోగ్యం. మాది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మూలుగుతున్నప్పుడు చోక్ కొద్దిగా లేపితే బండి కాస్త తేరుకుంది కూడా. రెండు సాక్ష్యాలూ కలిశాయి: ఆకలి. టూ స్ట్రోక్ ఇంజనులో ఇది తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. పెట్రోలు చాలకుండా గట్టిగా లాగిస్తే పిస్టను వేడెక్కి సిలిండరుకు పట్టేస్తుంది. నడుస్తున్న బండి వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. వదిన భయానికి అర్థం అప్పుడు నాకు అంకెలతో సహా తెలిసినట్టయింది.

సాయిబుగారు పెట్రోలు గొట్టాన్ని కార్బొరేటరు దగ్గర ఊడదీసి సీసాలో పెట్టి, ట్యాంకు కాక్ తిప్పారు. మొదట ధార బాగానే పడింది. ఒక నిమిషానికి సన్నబడింది. తరువాత బొట్లు. ఆయన మాట్లాడకుండా ట్యాంకు మూత తెరిచారు. 'స్స్' మని గాలి లోపలికి పోయిన చప్పుడు. ధార మళ్ళీ అందుకుంది. సీసాలో పెట్రోలు ఎంత పడితే ట్యాంకులోకి అంత గాలి పోవాలి. అందుకు మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుంది.

మూత విప్పితే లోపల వాషరు స్థానంలో గుండ్రంగా కత్తిరించిన సైకిలు ట్యూబు ముక్క ఉంది. బ్లేడుతో ఓపికగా కోసిన ముక్క. ఆ పనితనం ఎవరిదో నాకు చెప్పనక్కర్లేదు. వానాకాలంలో నాన్నగారు ఏ పాక ముందో బండి నిలిపి, ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గర గంటల తరబడి ఉండేవారు. ట్యాంకులోకి నీళ్ళు దిగుతున్నాయని అమ్మతో అంటూ ఉండడం నాకు గుర్తు. అందుకు ఆయన కనిపెట్టుకున్న ఉపాయం ఇది.

మరి అన్నేళ్ళు ఆయనకు బండి ఎలా నడిచింది? సాయిబుగారు నవ్వి, "అయ్యగారు నలభై దాటి ఎప్పుడు పోయారు మాస్టారూ!" అన్నారు. నిజమే. ఆ వేగానికి కావలసిన కొద్దిపాటి గాలి రబ్బరు అంచుల సందుల్లోంచి దూరేది. సంచిలో మందుల సీసాలు, ఎగుడుదిగుడు దారులు, తొందరలేని మనిషి. ఆయన నడకకు ఆ ముక్క లోపం కాదు, రక్ష. మనవడి చేతికి వచ్చేసరికి అదే ఉరి అయింది. కనుక తప్పు తయారు చేసినవారిదీ కాదు, నాన్నగారిదీ కాదు. బండి ఒక మనిషి జీవితానికి అచ్చంగా ఒదిగిపోయింది; ఇంకొకరి జీవితానికి దాన్ని మళ్ళీ సడలించాలి, అంతే.

రంధ్రం ఉన్న కొత్త వాషరు వేశాక మూలుగు పోయింది. తొలి వెలితి మాత్రం మిగిలింది. కార్బొరేటరుకూ సిలిండరుకూ మధ్య రబ్బరు జాయింటు దగ్గర సబ్బు నీళ్ళు చల్లి, ఎక్కడైనా గాలి లాగుతోందేమో చూశారు, లేదు. రీడ్ వాల్వు రేకుల అంచులు విరగలేదు. ఇక కార్బొరేటరు విప్పితే, నిలవున్న పెట్రోలు ఆరి కట్టిన బంక సూది దిగే ఇత్తడి గొట్టపు సన్న రంధ్రాల్లో కనిపించింది. దాన్ని తీగతో పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే కొలత చెడుతుంది. మందులో నానబెట్టి గాలి కొట్టారు. ఫ్లోటు మట్టం కొద్దిగా తక్కువుంటే సరిచేశారు.

ఆ తరువాత కూడా రవ్వంత వెలితి ఉంటే దానికి కారణం మన కాలంలో ఉంది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు ఇరవై శాతానికి చేరింది. తూకంలో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాలుకు తొమ్మిది పాళ్ళు చాలు. అంటే అదే గాలికి ఇంధనం మరికాస్త ఎక్కువ పోవాలి. 1993 నాటి జెట్లకు ఈ సంగతి తెలియదు. సూది తలకు ఉన్న క్లిప్పును ఒక గాడి కిందికి దించితే సూది ఆ మేరకు పైకి లేచి, పెట్రోలుకు దారి పెరుగుతుంది. అది చేశాక వెలితి పోయింది. ఇథనాలు పాత రబ్బరును ఉబ్బిస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. అందుకని పెట్రోలు గొట్టం కూడా మార్పించాను. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచవద్దని సాయిబుగారి హెచ్చరిక.

మరునాడు ద్వారపూడి దారిలోనే వెళ్ళి పరీక్షించాను. ఖాళీగా ఉన్న చోట పది మార్లు ఒక్కసారిగా తిప్పి చూశాను. పది మార్లూ లాగింది. తిరిగి వచ్చాక విప్పిన ప్లగ్గు ఇటుక రంగులో ఉంది. వదినకు ఆ ప్లగ్గు చూపించాను. ఆవిడ దాని రంగు చూడలేదు, నా ముఖం చూసింది. "సరే, హెల్మెట్టు మాత్రం నేను కొంటాను" అంది.

ఆ రబ్బరు ముక్కను పారేయబోతుంటే కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీ బాబాయ్, తాతగారిది" అన్నాడు. ప్లగ్గు స్పానరుతో పాటు పనిముట్ల సంచిలో పెట్టుకున్నాడు. వాన పడితే మూత మీద ప్లాస్టిక్ సంచి కప్పమని, బండి తీసేముందు దాన్ని తప్పక తీసెయ్యమని చెప్పి తాళం ఇచ్చాను.