ఆకుపచ్చ దీపం ఏడుసార్లు మిణికితే

చచ్చిన కంప్యూటర్, మొరాయించిన కంప్యూటర్ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండింటికీ తెర నల్లగానే ఉంటుంది. ఆ తేడా తెలుసుకునే ఓపిక లేకపోయినా "ఫార్మాట్ కొట్టేయండి" అనే సలహా మాత్రం అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది.

గత ఏప్రిల్‌లో మా మండలంలోని ఓ ప్రభుత్వ పాఠశాలలో ఆ సలహా నా చెవిన మూడుసార్లు పడింది. మొరాయించింది ఏటీఎం కార్డంత బోర్డు, రాస్ప్‌బెర్రీ పై 3. తొమ్మిదో తరగతి అమ్మాయిలు దానికి రెండు సెన్సర్లు తగిలించి ఒకటి తమ రేకుల గదిలో, మరొకటి పక్కనున్న స్లాబు గదిలో పెట్టారు. పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత నమోదవుతుంది. తమ గది ఎంతలా ఉడికిపోతోందో సోమవారం వచ్చే అధికారులకు చూపించాలని వాళ్ల పట్టుదల. రెండున్నర నెలల లెక్కలన్నీ వేలిగోరంత మెమరీ కార్డులో ఉన్నాయి. ఫార్మాట్ చేస్తే అవే పోతాయి.

"మళ్లీ వచ్చే ఎండాకాలం దాకా ఆగాలి సార్. అప్పటికి మేం ఈ బడిలోనే ఉండం" అంది వాళ్లలో ఒకమ్మాయి.

ఇలాంటి బోర్డు విషయంలో మరమ్మతు కన్నా విచారణే ఎక్కువ. ఒకసారికి ఒక ప్రశ్నే అడగాలి. మామూలు పీసీలా ఇది బీప్ శబ్దాలతో మొరపెట్టుకోదు. దీనికున్న నోరల్లా రెండు చిన్న దీపాలు. ఎరుపుది కరెంటు సంగతి చెబుతుంది, ఆకుపచ్చది కార్డు సంగతి.

ముందు కీబోర్డు, సెన్సర్లు అన్నీ పీకేశాం. ఎరుపు దీపం వెలిగి ఆరుతోంది. వోల్టేజీ 4.63 కన్నా పడిపోతే ఈ బోర్డులో అది ఆరిపోతుంది. వాడుతున్నది మొబైల్ చార్జరు, సన్నటి పొడవాటి వైరు. పావు ఓమ్ నిరోధమున్న వైరులో రెండు ఆంపియర్లు ప్రవహిస్తే అర వోల్టు దారిలోనే ఖర్చయిపోతుంది. పుస్తకంలో బట్టీపట్టిన ఓమ్ సూత్రం బల్లమీద కనబడేసరికి పిల్లల కళ్లు పెద్దవయ్యాయి.

రెండున్నర ఆంపియర్ల అడాప్టర్ తెచ్చాక ఎరుపు నిలకడగా వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఆకుపచ్చ దీపం ఏడుసార్లు మిణికి, కాసేపు ఆగి, మళ్లీ ఏడుసార్లు. అదే దాని భాష. ఏడంటే కెర్నల్ ఫైలు దొరకలేదని, నాలుగైతే అంతకన్నా ముందు చదవాల్సిన స్టార్ట్ ఫైలే లేదని. అంటే బోర్డు బతికే ఉంది. కార్డును కొంతవరకు చదివి, ముందుకు దారి లేక ఆగింది.

కొత్త కార్డులో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి పెడితే శుభ్రంగా లేచి కూర్చుంది. నేరం పాత కార్డుదేనని తేలింది. అయినా దానిమీద చెయ్యి చేసుకోలేదు. దాన్ని లాప్‌టాప్‌కు తగిలించి మొత్తంగా ఓ నకలు తీశాం. అసలు దస్తావేజు భద్రంగా ఉంచి జిరాక్సు మీద దిద్దినట్టు, రిపేరంతా ఆ నకలు మీదే చేశాం. చివరి పూట లెక్కలు తప్ప అన్నీ దక్కాయి.

కారణం చిన్నది. సాయంత్రం గదులకు తాళం వేసేముందు మెయిన్ స్విచ్ కట్టేస్తారు. కార్డు మీద రాత నడుస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడే ప్రమాదముంది. ఇప్పుడు బోర్డుకు షట్‌డౌన్ బటన్ పెట్టారు, రోజూ పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీస్తున్నారు.

కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ సైన్స్‌కు వచ్చే విద్యార్థులకు యంత్రంతో కుస్తీపట్టిన అనుభవం తగ్గిపోతోందన్న బెంగతోనే ఎబెన్ అప్టన్ బృందం ఈ బోర్డుకు రూపమిచ్చింది. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరతో దాని తొలి రూపం అమ్మకానికొచ్చింది. సాఫీగా నడిచిన రెండున్నర నెలల్లో కన్నా, మొరాయించిన ఆ ఒక్క రోజే ఈ పిల్లలకు ఎక్కువ నేర్పింది. "ముందు కరెంటు, తర్వాత కార్డు, ఆ తర్వాతే బోర్డు" అని నోటుపుస్తకంలో రాసుకున్నారు.

సోమవారం అధికారులు వచ్చారు, గ్రాఫు చూశారు, వెళ్లారు. రేకులు ఇంకా మారలేదు. కానీ "మరీ అంత వేడేముంటుందిలే" అని కొట్టిపారేయడం ఇక ఎవరికీ అంత సులువు కాదు.