రెండు కన్నులు – ఒక బంతి

"సర్వేంద్రియాణాం నయనం ప్రధానం" అని పెద్దలు అన్నారు. కాని ఉన్న రెండు నయనాలలో ఏది ప్రధానమన్న ప్రశ్న సామాన్యంగా ఎవరికీ తోచదు. కుడిచేయి, ఎడమచేయి అన్న భేదాన్ని పసితనంలోనే గుర్తిస్తాము. కన్నులకు కూడా అట్టి భేదం ఉన్నదనీ, టెన్నిస్ ఆటలో ఆ భేదం మన దెబ్బలమీద తన ముద్ర వేయగలదనీ మాకు తెలియవచ్చిన విధాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము నలుగురం. ఇద్దరి ఇళ్లు అడిక్‌మెట్‌లో, ఇద్దరివి తార్నాకలో. ఇంట ఉర్దూ మాట్లాడేవారు ఇద్దరు, తెలుగు మాట్లాడేవారు ఇద్దరు. తెల్లవారుజామున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కలుసుకొని, ఎండ ముదిరేలోగా ఆట ముగించి తరగతులకు చేరుకోవడం మా దినచర్య. మాకు ఆట నేర్పిన ఉస్తాద్ గారిది ఒకటే మంత్రం: "బాల్ పర్ నజర్ రఖో, భాయ్!" తెలుగులో చెప్పవలసివచ్చినా అదే: "బంతి చూడు, నాయనా!" బంతి వలలో పడినా అదే మందు, గీత దాటినా అదే మందు. ఈ మందు ముగ్గురికి పనిచేసి, ఒకరికి మాత్రం ఎంతకాలానికీ పనిచేయకపోవడమే మా విచారణకు మూలం.

ఆ మిత్రుని ఫోర్‌హ్యాండ్ దెబ్బ మా అందరికంటె మిన్న. కాని బ్యాక్‌హ్యాండ్ వైపు బంతి వచ్చినప్పుడు రాకెట్టు ఒక క్షణం ఆలస్యంగానే చేరేది. ప్రత్యర్థులు ఈ సంగతి కనిపెట్టి ఆయన ఎడమవైపే బంతులు వేయసాగారు. విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక పోటీలకు రెండు నెలలే గడువు. "శ్రద్ధ లేదు" అన్న మాట వినడం ఆయనకు అలవాటైపోయింది. శ్రద్ధకు ఆయన పెట్టింది పేరని మాకు తెలుసు. అందువల్ల లోపం శ్రద్ధలో కాక, మరెక్కడో ఉండి తీరాలని మేము భావించాము.

ఈ నగరానికి టెన్నిస్ కొత్త విద్య కాదు. హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ మహమ్మద్ హాదీ 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలలో టెన్నిస్ ఆడారు; డేవిస్ కప్ పోటీలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించారు. 1934–35లో రంజీ ట్రోఫీ ప్రారంభమైనప్పుడు ఆ పోటీలలో మొట్టమొదటి శతకం చేసినవారూ ఆయనే. ఏడు క్రీడలలో ఆరితేరినందున ఆయనను ఇంద్రధనుస్సుతో పోల్చి "రెయిన్‌బో హాదీ" అని పిలిచేవారు. తరువాతి తరాలలో సానియా మీర్జా 2005 ఫిబ్రవరిలో హైదరాబాదులోనే తన తొలి డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ బిరుదాన్ని గెలిచి, 2007లో ప్రపంచ సింగిల్స్ క్రీడాకారిణులలో 27వ స్థానానికి ఎదిగి, 2015లో డబుల్స్‌లో ప్రథమ స్థానం అందుకున్నారు. ఇట్టి ఊరిలో ఆడుతూ, బంతిని చూడడమంటే ఏమిటో తెలుసుకోకపోవడం భావ్యం కాదనిపించింది.

ముందుగా ప్రధాన నేత్రాన్ని కనుగొనే విధానం చెప్తాము. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులను ఒకదానిపై ఒకటి కొంత చేర్చి, బొటనవేళ్ల దగ్గర చిన్న రంధ్రం ఏర్పరచండి. రెండు కన్నులూ తెరిచి, ఆ రంధ్రంలోనుంచి దూరాన ఉన్న వస్తువును చూడండి. తరువాత ఒక్కొక్క కన్నూ మూయండి. ఏ కన్ను మూసినప్పుడు వస్తువు మాయమవుతుందో అది మీ ప్రధాన నేత్రం. గురిపెట్టి చేసే ఇట్టి పరీక్షనే ఇటలీ దేశీయుడు పోర్టా 1593లో తన గ్రంథంలో వివరించాడు. మనుష్యులలో సుమారు మూడింట రెండు వంతుల మందికి కుడికన్ను ప్రధానం. తక్కిన వారిలో ఎక్కువమందికి ఎడమకన్ను. కుడిచేతి వాటం ఉన్నంత మాత్రాన కుడికన్నే ప్రధానం కావాలన్న నియమం లేదు.

రెండు కన్నుల చూపు ఒకటిగా ఎట్లు కలుస్తుందన్న విచారణ ఇంకా ప్రాచీనమైనది. 11వ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైతమ్ తన "కితాబుల్ మనాజిర్"లో, వస్తువుల నుంచి వెలుగు కంటిలోనికి వచ్చుటవల్లనే చూపు కలుగుతుందని నిరూపించాడు. ఒక పలకపై వస్తువులను నిలిపి, అవి ఎప్పుడు ఒకటిగాను, ఎప్పుడు రెండుగాను కనబడతాయో పరీక్షించాడు. ఆ గ్రంథాన్ని విమర్శించి విస్తరిస్తూ కమాలుద్దీన్ ఫారసీ వ్రాసిన "తన్‌కీహుల్ మనాజిర్"ను 1928–30 ప్రాంతంలో అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. 1888లో వెలసిన ఆ సంస్థ నేడు ఉస్మానియా ప్రాంగణంలోనే ఉన్నది. కంటిని గూర్చిన మహాగ్రంథం ఒకటి మన పొరుగునే వెలుగు చూసిందని తెలిసి మేము గర్వించాము.

ఇక ఆట సంగతి. కుడిచేతి ఆటగాడు ఫోర్‌హ్యాండ్ కొట్టడానికి పక్కకు తిరిగి నిలిచినప్పుడు ఎడమ భుజం వల వైపు ఉంటుంది. అప్పుడు బంతికి ముందున్నది ఎడమకన్ను. ముఖం చాలినంతగా తిప్పకపోతే ముక్కుదూలం కుడికన్నుకు అడ్డువస్తుంది. బ్యాక్‌హ్యాండ్‌లో ఇది తలకిందులవుతుంది: కుడి భుజం, కుడికన్ను ముందుకు వస్తాయి, ఎడమకన్నుకు అడ్డు ఏర్పడుతుంది. అందువల్ల కుడికన్ను ప్రధానమైనవారికి బ్యాక్‌హ్యాండ్ సులువనీ, వారు ఫోర్‌హ్యాండ్‌లో ఛాతీని వల వైపు కొంత తెరిచి నిలవడం మేలనీ కొందరు శిక్షకుల అభిప్రాయం. ఎడమకన్ను వారికి పక్కకు తిరిగి కొట్టే ఫోర్‌హ్యాండ్ హాయి అంటారు.

ఇది విధిలిఖితమని మాత్రం ఎవరూ భావించరాదు. క్రికెట్ బ్యాట్స్‌మన్లపై జరిగి 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏ చేయి బ్యాటుకు పైన ఉన్నదన్నదే లాభకారిగా తేలింది గాని, ప్రధాన నేత్రం వల్ల స్పష్టమైన మేలు కనబడలేదు. మాలో మాకే చూడండి: కుడికన్ను వారు ముగ్గురిలో ఇద్దరికి బ్యాక్‌హ్యాండ్ బాగుంది, మూడవవారికి లేదు. నలుగురి లెక్కతో శాస్త్రం తేలదు. ప్రధాన నేత్రం ఒక వాటం మాత్రమే. ముఖం తిప్పే అలవాటుతో దానిని సరిదిద్దుకోవచ్చు.

"బంతిని చూడు" అన్న ఉపదేశాన్ని కూడా లెక్కలతో తూచి చూశాము. టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు. గంటకు 180 కిలోమీటర్ల సర్వీసు అర సెకనుకు కొంచెం పైగా మాత్రమే వ్యవధి ఇస్తుంది. బంతి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 25 మీటర్ల చొప్పున, మన కంటికి ఒక మీటరు దూరంగా సాగిపోతున్నదనుకుందాం. పక్కకు వచ్చేసరికి దానిని వెంబడించడానికి చూపు సెకనుకు 1400 డిగ్రీలకు పైగా తిరగవలె. నిలకడగా వెంబడించే శక్తి కంటికి సెకనుకు సుమారు 100 డిగ్రీలకు మించదు. లెక్క కడితే, బంతి మనకు మూడున్నర మీటర్ల దూరానికి వచ్చేసరికే చూపు వెనుకబడిపోతుంది. ఆ మిగిలిన దూరాన్ని బంతి సెకనులో ఏడవ వంతు కాలంలో దాటుతుంది. చూసినదానికి చేయి స్పందించడానికి పట్టే కాలం సెకనులో అయిదవ వంతు. కనుక ఆ చివరి ఘట్టంలో చూపుకు అందని దానివల్ల మనకు పెద్దగా నష్టం లేదు. రాకెట్టు తీగలను బంతి తాకే కాలం సెకనులో 200వ వంతు మాత్రమే. దానిని చూశామనుకోవడం మన భ్రమ.

మరి గొప్ప ఆటగాళ్లు ఏమి చేస్తారు? 2000 సంవత్సరంలో ఇంగ్లండులో బ్యాట్స్‌మన్ల చూపును కొలిచినవారు ఒక విశేషం కనుగొన్నారు. బంతి చేయి వదిలే క్షణాన్ని చూసి, వెంటనే అది నేలను తాకబోయే చోటికి చూపు దూకించి, బంతి అక్కడికి వచ్చేదాకా వేచి ఉంటారట. నేర్పరి ఎంత నేర్పరి అయితే ఆ దూకుడు అంత త్వరగా జరుగుతుంది. అనగా బంతిని చూడడమంటే బంతి వెంట పరుగెత్తడం కాదు. బంతికంటె ముందే వెళ్లి ఎదురుచూడడం. రోజర్ ఫెదరర్ ఛాయాచిత్రాలు చూడండి. బంతి వెళ్లిపోయిన తరువాత కూడా ఆయన ముఖం దెబ్బ తగిలిన చోటనే నిలిచి ఉంటుంది. తల ముందే లేస్తే భుజం లేస్తుంది, భుజం లేస్తే రాకెట్టు దారి తప్పుతుంది. ద్రోణుడు పెట్టిన పరీక్షలో పక్షి తల తప్ప మరేమీ కనబడలేదన్న అర్జునుని మాటకు ఆటలో అర్థం ఇదేనని మాకు తోచింది.

మా మిత్రుని విషయానికి వస్తాము. గులాబి వన్నె రాతితో 1939లో వెలసిన ఆర్ట్స్ కళాశాల కమానును గురిగా పెట్టుకొని మేము నలుగురం ఆ రంధ్ర పరీక్ష చేసుకున్నాము. ఆయనకు ఎడమకన్ను ప్రధానమని తేలింది. ఎడమకన్ను మూసి కమానును చూడమన్నప్పుడు ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "కుడికంటికి కమాను లేదు భాయ్, రంగు మాత్రమే ఉంది" అన్నారు. ఇరవై ఏండ్లు వచ్చినా ఆ సంగతి ఆయనకు తెలియదు. రెండు కన్నులూ తెరిచి ఉన్నంతకాలం మంచి కన్ను చెడ్డ కన్ను లోటును కప్పివేస్తుంది. బ్యాక్‌హ్యాండ్‌లో ముందుకు వచ్చేది ఆ చూపులేని కన్నే. దెబ్బ ఆలస్యమవడంలో వింత ఏమున్నది?

కంటి ఆసుపత్రిలో వైద్యులు దానిని ఆంబ్లియోపియా అన్నారు. వాడుకలో సోమరి కన్ను అంటారు. చిన్నతనంలో ఒక కంటి చూపు మసకగా ఉంటే మెదడు ఆ కంటి వార్తను స్వీకరించడం మానివేస్తుంది. ఏడెనిమిదేండ్లలోపు గుర్తిస్తే, సరైన అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజుకు కొన్ని గంటలు మూత వేసి, సోమరి కన్నుచేత పని చేయించి చాలావరకు బాగుచేయవచ్చు. ఆ వయస్సు దాటితే ఫలితం తగ్గిపోతుంది. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని వైద్యులు అడిగారు, ఇది కొన్ని కుటుంబాలలో ఒకరికంటె ఎక్కువమందికి రావడం కద్దు. ఆయన చెల్లెలికి అప్పుడు అయిదేండ్లు. పరీక్షిస్తే ఆ పాపకూ కుడికన్ను మందగించి ఉన్నది.

నిరాశపడిన మిత్రునికి మేము మన్సూర్ అలీఖాన్ పటౌడీ కథ చెప్పాము. 1961 జులైలో ఇంగ్లండులోని హోవ్ పట్టణంలో జరిగిన కారు ప్రమాదంలో అద్దం పెంకు గుచ్చుకొని ఆయన కుడికంటి చూపు దాదాపుగా పోయింది. కొద్ది నెలలకే, పర్యటనకు వచ్చిన ఎం.సి.సి. జట్టుతో హైదరాబాదులోనే ఆడారు. బంతులు రెండు కనబడుతుంటే లోపలి బంతిని ఎన్నుకొని కొట్టాననీ, తరువాత కుడికన్ను మూసుకొని ఆట సాగించాననీ ఆయన ఆత్మకథలో వ్రాసుకున్నారు. ఆ డిసెంబరులో టెస్టు జట్టులో చేరి, 1962 జనవరిలో మద్రాసులో శతకం చేసి, మార్చినాటికి 21 ఏండ్ల వయస్సులో భారత జట్టు నాయకులయ్యారు. తరువాత హైదరాబాదు పక్షాన రంజీ పోటీలు ఆడారు. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు ముందుండేది ఎడమకన్ను. ఆయనకు మిగిలినదీ అదే. మిగిలిన కన్నుతో ఆడడం ఆయన మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారు.

మా మిత్రుడు కూడా అట్లే చేశారు. బ్యాక్‌హ్యాండ్‌కు రెండు చేతులూ పట్టి, ఛాతీని వల వైపు తెరిచి, ఎడమకన్నుకు బంతి కనబడేటట్లు ముఖం తిప్పడం సాధన చేశారు. బంతి నేలను తాకగానే "పడింది" అనీ, రాకెట్టును తాకగానే "తగిలింది" అనీ పైకి అనుకుంటూ ఆడడం కూడా మేలు చేసింది. దెబ్బ కుదుటపడింది. జట్టులో మాత్రం ఆ యేడు స్థానం లభించలేదు. అయితే కంటికి మూత వేసుకొని కొన్ని నెలలు ఓర్చుకున్న ఆయన చెల్లెలు ఇప్పుడు కుడికంటితో ఆసుపత్రి పటంలోని చిన్న వరుసలు చదువుతున్నది. ఏ విజయం పెద్దదో మిత్రుని అడిగితే ఆయన సంకోచించకుండా చెప్తారు.

ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ప్రారంభించిన "కంటి వెలుగు" వంటి కార్యక్రమాలు లక్షలాది ప్రజలకు కంటి పరీక్షలు చేయించాయి. మన కళాశాల చేయవలసినది చాలా స్వల్పం. ప్రవేశాల సమయాన ఆరు మీటర్ల దూరంలో ఉర్దూ, తెలుగు అక్షరాల పటాలు రెండు వేలాడదీసి, ఒక కన్ను మూసి మరొక కంటితో చదివించడానికి ఒక్కొక్క విద్యార్థికి రెండు నిమిషాలు చాలు. లోపం కనబడినవారిని ప్రభుత్వ నేత్ర వైద్యశాలకు పంపించి, ఇంట్లోని పసిపిల్లలను కూడా చూపించుకోమని చెప్పవచ్చు. కళాశాల కమిటీ పెద్దలు ఈ మనవిని ఆలకించి, వచ్చే విద్యాసంవత్సరం నుంచే అమలుచేస్తారని ఆశిస్తున్నాము. విద్యార్థి మిత్రులు అంతవరకు ఆగనక్కరలేదు; ఈ పుట ముగించగానే ఒక్కొక్క కన్నూ మూసి ఎదుటి గోడవంక చూడగలరు.