ఏలీయాకు ముందు రొట్టె



ఈ మాట సంఘములో నిలబడి చెప్పవలసింది. రెండు ఆదివారాలు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాము.

2022 మొదట్లో, మిరప తోటలను నల్ల తామర పురుగు తినేసిన ఏడు, ఒక సహోదరి ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చింది. వాళ్లది కౌలు సేద్యం. కౌలు డబ్బు, పురుగుమందుల కొట్లో బాకీ, పైన వడ్డీ. "అయ్యగారూ, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టట్లేదు. గుండె దడదడమంటోంది" అంది. మేము ప్రార్థన చేసి, "చింత పెట్టుకోవడం అవిశ్వాసం అమ్మా" అన్నాము. బి.పి. మాత్రలు వాడుతున్నావా అని అడగలేదు. మా మాట విని, విశ్వాసం ఉన్నదానికి మాత్రలెందుకని ఆమె మానేసిందట. ఆ సంగతి నాలుగు నెలల తర్వాత, కుడి చెయ్యీ కాలూ పడిపోయాక తెలిసింది.

ఆమె గానీ, ఆమె భర్త గానీ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మరుసటి ఏడు మా వంతు వచ్చింది. మందిరం స్లాబుకు తెచ్చిన అప్పు ఎంతో మేము సంఘానికి పూర్తిగా చెప్పలేదు. ఇంట్లో అమ్మగారికీ సగమే తెలుసు. కడుపులో మంట, నిద్రలేమి, చిన్నదానికే పిల్లల మీద కసురుకోవడం. పైకి మాత్రం సమాధానం గురించి ప్రసంగాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ పట్టీ చుట్టి చూస్తే 170/110.

అక్కడి డాక్టరుగారు విడమరచి చెప్పారు. అది మన పొలం భాషలో చెప్తాము. రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్తే టార్చి వెలుగులో కట్లపాము కనబడిందనుకోండి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాలను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, బి.పి. లేస్తుంది, పరుగెత్తే బలం కోసం రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఇది దేవుడు మన రక్షణకు పెట్టిన ఏర్పాటే. పాము పోతే ఒళ్లు సర్దుకుంటుంది. అప్పు అనే పాము పోదు కదా. రోజూ గుమ్మంలోనే ఉంటుంది. నెలల తరబడి ఒళ్లు అదే పరుగులో ఉంటే రక్తనాళాలు దెబ్బతింటాయి, షుగరు అదుపు తప్పుతుంది, రోగాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది.

1936లోనే హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల్లో దీన్ని చూశాడు. చలి, గాయం, మందు ఏదైనా సరే, లోపల మార్పులు ఒకటే: ఆ గ్రంథులు ఉబ్బడం, కడుపులో పుండ్లు. ఒక్క దిగులే బి.పి. తెస్తుందని మేము అనడం లేదు. ఆవకాయ ఉప్పు, చుట్ట, వంశం కూడా వాటి పని అవి చేస్తాయి. కాకపోతే దిగులున్నవాడే చుట్ట ఎక్కువ కాలుస్తాడు, మాత్ర మర్చిపోతాడు.

మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయము మేము ఎన్నిసార్లు బోధించామో! కర్మెలు మీద అంత జయం పొందిన ఏలీయా యెజెబెలుకు భయపడి అరణ్యానికి పారిపోయి, చెట్టు కింద పడి చావు కోరుకున్నాడు. సెమినరీలో మేము నేరుగా ఆ మెల్లని స్వరం దగ్గరికే వెళ్లేవాళ్లము. దానికి ముందున్నది చూడలేదు. అతడు పడుకున్నాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ రొట్టె. ఇక్కడేమి చేస్తున్నావన్న ప్రశ్న ఆ తర్వాతే. అవిశ్వాసివని ఎవరూ అనలేదు. ఆ సహోదరిని మేమన్నాము.

గత నెల వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాము. ఆమె మాట ఇంకా ముద్దగానే వస్తుంది. కాసేపు మౌనంగా ఉండి, ఎడమ చేత్తో మంచినీళ్ల గ్లాసు అందిస్తూ, "మీరు మాత్ర వేసుకుంటున్నారా అయ్యగారూ?" అంది.

వేసుకుంటున్నాము. అప్పు లెక్క కూడా పెద్దల ముందు పెట్టాము. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ఆశా కార్యకర్త బి.పి. మిషనుతో మందిరం వరండాలో కూర్చుంటుంది. మీ మందుల చీటీలు తెచ్చుకోండి. డాక్టరును అడగకుండా ఎవరూ మాత్రలు మానవద్దు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేవాళ్లు మాకు ఫోన్ చేయండి. మేము కూడా మేలుకునే ఉండవచ్చు.